కారు మీద జిగురు, చెట్టు మొదట్లో పొట్టు

ప్రశ్న: మాది కంచరపాలెం. పెరట్లో మా మావగారు నాటిన సువర్ణరేఖ మామిడి ఉంది, ముప్పై ఏళ్లు దాటిన చెట్టు. ఈ ఏడు పూత విరగబూసింది గానీ సగం మాడి రాలిపోతోంది. ఆకులన్నీ మసి పట్టినట్టు నల్లబడ్డాయి. ఆ పక్కనే కొబ్బరిచెట్టు ఉంది. రెంటికీ మధ్య పెట్టే కొత్త కారు మీద రోజూ జిగురు చుక్కలు పడుతున్నాయి. ఎంత తుడిచినా పోవడం లేదు. మామిడి కొట్టించేద్దామని మావారు పట్టుబట్టారు. పక్కింటాయన ఏదో ఘాటు మందు సీసా తెచ్చిచ్చి, ఇది కొడితే ఒక్క పురుగు మిగలదంటున్నారు. దాని మీద లేబులు లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. మందారానికి కూడా తెల్లపురుగు పట్టింది. ఇంకో సంగతి, మామిడి మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలుతోంది, చీమలు తోడిన మట్టేమో అనుకుంటున్నాం. ఫొటోలు పంపుతున్నాను. ఉగాదిలోగా పెరట్లో ఏమేం చేసుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఆ సీసా సంగతి. దాని మూత తియ్యకండి. పక్కింటాయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కాదనను. కానీ లోపల ఏముందో, ఎంత కలపాలో, కొట్టాక ఎన్నాళ్లకి కాయ తినొచ్చో చెప్పేది ఆ లేబులు ఒక్కటే. ఇళ్లలో ఇలా చేతులు మారే ఘాటు మందుల్లో ఒకప్పుడు డైక్లోరోవాస్ తరచుగా కనిపించేది. 2020 డిసెంబరు 31 నుంచి దాన్ని మన దేశంలో నిషేధించారు. మీ సీసాలో అదే ఉందని నేను అనడం లేదు. ఏముందో తెలియదు కాబట్టే వద్దంటున్నాను. సింకులోనో వీధి కాలవలోనో ఒంపకుండా, ఎలా వచ్చిందో అలాగే తిరిగి ఇచ్చేయండి. ఇకముందు ఏ మందు కొన్నా డబ్బా మీద రంగు గుర్తు చూసి కొనండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ వరసలో విషం తీవ్రత తగ్గుతూ వస్తుంది. పిల్లలు ఆడుకునే పెరట్లోకి ఎరుపు గుర్తు డబ్బా అసలు రాకూడదు.

ఇక మీవారి కారు. మీరు పంపిన ఫొటోల్లో మూడోది పెద్దది చేసి చూశాను. అది మామిడాకు కాదు, కొబ్బరాకు. దాని అడుగున తెల్లపిండితో చిన్న చిన్న ముగ్గులు వేసినట్టు గుండ్రటి చుట్లు ఉన్నాయి. అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో మొదట తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో బయటపడింది. ఆ తర్వాత మన కోస్తా అంతా పాకింది. ఆకు అడుగున కూర్చుని రసం పీల్చి, వంటికి పట్టగా మిగిలిన తీపినీటిని చుక్కలు చుక్కలుగా వదులుతుంది. మామిడి మీద కూడా ఇదే పని చేసే పురుగు ఇంకోటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. అంటే మీ కారుకి నేరస్థులు ఇద్దరు. మామిడి ఒక్కటీ కొట్టించేస్తే జిగురు ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఈ రాత్రే ఒక పరీక్ష పెట్టండి. రెండు స్టీలు పళ్లాలు శుభ్రంగా తుడిచి, ఒకటి కొబ్బరాకు పడని చోట మామిడి కొమ్మ కింద, రెండోది మామిడి కొమ్మ లేని చోట కొబ్బరి కింద పెట్టండి. పొద్దున్నే వాటిని ఎండకి ఏటవాలుగా పట్టుకుంటే చుక్కలు మెరుస్తాయి. వేలితో తాకితే ఏ పళ్లెం ఎంత అంటుకుంటుందో తెలుస్తుంది. ఎక్కువ చుక్కలు కొబ్బరి పళ్లెంలోనే ఉంటాయని నా అంచనా. ఆ పళ్లెం మీవారికి చూపించాక చెట్టు కొట్టే మాట మళ్లీ మాట్లాడుకోవచ్చు.

నలుపు గురించి కూడా ఒక అనుమానం తీర్చుకోవాలి. ఆ తీపినీటి మీద పెరిగే బూజే మసి తెగులు. కానీ మన ఊళ్లో కొన్ని పేటల్లో గాలికి నల్లదుమ్ము కూడా ఆకుల మీద వాలుతుంది, దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తడిగుడ్డతో ఆకు తుడవండి. దుమ్మయితే గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది, ఆకు కింద పచ్చగా మెరుస్తుంది. మసి అయితే వేలికి జిగురు తగులుతుంది, గోటితో గీకితే సన్నటి నల్ల కాగితంలా పొర లేస్తుంది. ఆ బూజు ఆకు లోపలికి దిగదు, ఆకుకి ఎండ అందకుండా అడ్డుపడుతుంది, అంతే. అందుకే మసికి వేరే మందు కొట్టడం డబ్బు దండగ. పైన కారేది ఆగితే కింద మసి దానంతటదే ఎండి రాలిపోతుంది. తొందరగా రాల్చాలంటే అన్నం గంజి బాగా పల్చగా చేసి, వడగట్టి, అందిన ఆకుల మీద చల్లండి. గంజి ఎండి పెచ్చులుగా లేచేటప్పుడు మసిని కూడా లేపుకొస్తుంది. కొబ్బరికి పరిశోధన కేంద్రాల వాళ్లు చెప్పే ఒక శాతం పిండి ద్రావణం ఇదే పద్ధతి.

తెల్లదోమకి ఘాటు మందులు వద్దు. మొహమాటానికి చెప్పడం లేదు. దాని పిల్లపురుగుల్లో గుడ్లు పెట్టి చంపే చీమతలకాయంత కందిరీగ ఒకటి ఉంది, ఎన్‌కార్సియా అంటారు. మందు కొడితే ముందు చచ్చేది అదే. దోమ పిల్లలు కొన్ని నల్లబడి, వీపు మీద గుండ్రటి చిల్లితో కనిపిస్తే ఆ కందిరీగ మీ పెరట్లో పనిలో ఉన్నట్టే లెక్క. అలాంటి ఆకులు నరికి తగలబెట్టకండి. చెట్టు పొట్టిదయితే పైపు నీళ్లు గట్టిగా ఆకు అడుగున కొట్టండి, అంతకంటే మంచి మందు లేదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఇసారియా అనే శిలీంధ్రాన్ని దీనికోసమే పెంచి ఇస్తారు. లీటరుకి 5 గ్రాములు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. తేమ ఉంటేనే అది పనిచేస్తుంది, మన సముద్రగాలికి ఆ లోటు లేదు. మేలో ఎక్కువగా కనబడి భయపెట్టినా, వానలు గట్టిగా పడ్డాక దోమ ఉద్ధృతి తగ్గిపోతుంది. దీనివల్ల కొబ్బరిచెట్టు చచ్చిపోదు.

మామిడి మీద ఉన్నది తేనె మంచు పురుగు. పూత గుత్తి దగ్గర కొమ్మని ఒక్కసారి కదిపి చెవి పెట్టండి. చిరుజల్లు పడ్డట్టు చిటపటమంటూ ఆకులకి కొట్టుకుంటాయి. తల వెడల్పు, తోక సన్నం, గోధుమగింజంత కూడా ఉండవు. వీటికి మందు పడాల్సిన వేళ మొగ్గ కనబడేటప్పుడు, అంటే మనవైపు సంక్రాంతి ముందు నుంచే. ఇప్పుడు పూలు విచ్చుకుని ఉన్నాయి కాబట్టి పురుగుమందు ఏదీ కొట్టకండి. మామిడికి పుప్పొడి మోసేవి ఎక్కువగా ఈగలు, ఆ తర్వాత చిన్న తేనెటీగలు. వాటిని చంపుకున్నాక పూత ఎంత ఉండీ లాభం లేదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నదే. మా పెరటి పాత మామిడి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి వేళ్లతో సహా ఒరిగిపోయింది. తర్వాత పెట్టిన అంటు కొన్నేళ్లకి మొదటిసారి నిండుగా పూసింది. పురుగు కనబడగానే కంగారుపడి, పొద్దున్న పదకొండింటికి, ఈగలు ముసురుతూ ఉండగానే చెట్టంతా తడిపేశాను. పురుగు చచ్చింది. ఆ ఏడు నా చెట్టు నుంచి తిన్నవి మూడు కాయలు, మిగతావన్నీ రైతుబజారులో కొన్నవే.

సగం పూత రాలిపోతోందన్న బెంగ కూడా కొంచెం తగ్గించుకోండి. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల పూలుంటాయి, వాటిలో ఎక్కువ మగపూలే. గుత్తికి ఒకటి రెండు కాయలు నిలబడ్డా కొమ్మ మొయ్యలేదు. కాకపోతే రాలిన పూతని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కాడ మీద విభూది రాసినట్టు తెల్లగా ఉంటే బూడిద తెగులు. రాత్రి చలి, పొద్దున్న తేమ ఉండే ఈ రోజుల్లోనే అది వస్తుంది. దానికి నీటిలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు, ఈగలు తిరగని సాయంత్రం వేళ. ఎండలు ముదిరాక గంధకం కొడితే ఆకు మాడుతుంది. తెల్లపొడి లేకపోతే ఆ పని కూడా అక్కర్లేదు.

పూలన్నీ రాలి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక వేపనూనె కొట్టుకోవచ్చు. డబ్బా మీద 1500 పీపీఎం అని రాసి ఉన్న నూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు. నూనెని తిన్నగా నీళ్లలో పోస్తే పైన తెట్టులా తేలి, ఒక కొమ్మకి అంతా పడి ఇంకో కొమ్మకి ఏమీ పడదు. ముందు చిన్న గిన్నెలో నూనె పోసి, ఒక చెంచా కుంకుడు రసం వేసి, గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టండి. తర్వాత మిగతా నీళ్లు కలపండి. అలా కలిపింది ఆ పూటే వాడేయాలి. గంధకం కొట్టి ఉంటే మాత్రం మధ్యలో కనీసం రెండు వారాలు ఆగండి, రెండూ దగ్గర దగ్గరగా పడితే ఆకులు కాలిపోతాయి. రైతులు మొగ్గ దశలో ఇమిడాక్లోప్రిడ్ లాంటివి కొడతారు, వాళ్ల లెక్క వేరు. ఒక్క పెరటి చెట్టుకి అంత దూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఉత్తరం చివర్లో, పోతూ పోతూ ఒక్క ముక్క రాశారు చూడండి, రంపపు పొట్టని. జిగురు, మసి, పూత రాలడం ఇవేవీ ముప్పై ఏళ్ల చెట్టుని చంపవు. ఆ పొట్టు చంపుతుంది.

చీమలు తోడేది మట్టి, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. మీ ఫొటోలోది చెక్క నమిలిన పీచు, పక్కనే బెరడు మీద బంక కారిన చార కూడా కనబడుతోంది. అది కాండం తొలిచే పురుగు. పొడుగు మీసాల పెద్ద పెంకుపురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగు తెల్లగా, బొద్దుగా, మన వేలంత పెరిగి, నెలల తరబడి చెక్కలో సొరంగాలు తవ్వుకుంటూ కూర్చుంటుంది. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. ఒక రోజు ఉన్నట్టుండి ఒక కొమ్మ వాడుతుంది, తర్వాత రెండోది. తుపాన్లు వచ్చే ఊళ్లో లోపల డొల్లయిన చెట్టు ఇంటి పక్కన ఉండటం ఇంకో ప్రమాదం.

రేపు పొద్దున్నే చీపురుతో చెట్టు మొదలంతా ఊడ్చేయండి, బెరడు మీద అంటుకున్న పాత పొట్టు కూడా గీకేయండి. ఎల్లుండి చూస్తే కొత్త పొట్టు ఎక్కడ పడిందో తెలుస్తుంది, దానికి సరిగ్గా పైన ఉన్న కన్నమే బతికున్న పురుగుది. చాక్‌పీసుతో చుట్టూ గీత గియ్యండి. పాత కన్నాలు చాలా ఉండొచ్చు, అవన్నీ పొడుస్తూ కూర్చోకండి. కన్నం నోటి దగ్గర వదులుగా ఉన్న బెరడుని చాకుతో తీసేసి, పాత సైకిలు చువ్వ కొసని కొంచెం కొక్కెంలా వంచి, లోపలికి మెల్లగా తిప్పుతూ పోనివ్వండి. సొరంగం సాధారణంగా పైకి తిరిగి ఉంటుంది. పురుగు తగిలితే మెత్తగా తెలుస్తుంది, చువ్వకి తడి అంటుతుంది. లాగితే వస్తే సరి. రాకపోతే దూదిని పెట్రోలులో తడిపి లోపలికి దూర్చి, పైన బంకమట్టితో గాలి పోకుండా మెత్తండి. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు. మట్టి మెత్తిన చోట వారం తర్వాత చూడండి. మళ్లీ పొట్టు రాలితే ఇంకోసారి.

కన్నాలు మూశాక మొదలుకి, గీకిన చోట్లకీ బోర్డో ముద్ద పూయాలి. మైలుతుత్తం 100 గ్రాములు అరలీటరు నీళ్లలో, పొడిసున్నం 100 గ్రాములు ఇంకో అరలీటరులో, రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కరిగించి, మూడో ప్లాస్టిక్ బకెట్‌లోకి రెండూ ఒకేసారి పోస్తూ కలపండి. ఇనప బకెట్ వాడితే పాడవుతుంది. కలిపాక ఒక ఇనప మేకుని రెండు నిమిషాలు ముంచి తీయండి. మేకు మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం వేయండి. మేకు అలాగే ఉంటే పూసేయొచ్చు. చేతికి తొడుగులు వేసుకోండి. పండక్కి చెట్ల మొదళ్లకి సున్నం, ఎర్రమన్ను పట్టీలు వేస్తాం కదా, అది చూడ్డానికి బాగుంటుంది, ఎండ దెబ్బ కొంత ఆపుతుంది, పురుగుని మాత్రం ఆపదు.

మీ చేతుల మీద చేయలేకపోతే ఎవరినైనా పిలిపించి చేయించండి, కానీ ఈ వారంలోనే. మిగతావన్నీ ఆలస్యమైనా పరవాలేదు.

మందారం తేలిక. పిండినల్లి దట్టంగా పట్టిన చివుళ్లు కత్తిరించి సబ్బునీళ్ల బకెట్‌లో వేసేయండి, మిగతా మొక్కకి నీళ్లు గట్టిగా కొట్టండి. చీమలు ఎక్కుతుంటే వాటిని ఆపాలి. తీపినీటి కోసం చీమలు పిండినల్లికి కాపలా కాస్తాయి. కాండానికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద గ్రీజు రాయండి. బెరడు మీద తిన్నగా రాయొద్దు. ఒక్క జాగ్రత్త: తెల్లగా దూది పోగుల్లా ఉండి, గబగబా నడుస్తున్న పెద్ద పురుగు కనబడితే దాన్ని చంపకండి. పిండినల్లి కదిలీ కదలనట్టు ఉంటుంది. ఆ నడిచేది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల, వేషం మాత్రం శత్రువుదే.

ఉగాదిలోగా పనులంటే, మన విశాఖలో వసంతం అనేది మావిచివుళ్లు కనబడేలోపే వేసవిలో కలిసిపోతుంది. కాబట్టి సగం పని నీళ్లూ నీడా గురించే. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా మామిడికి నీళ్లు బిగపట్టండి, పూత మీద ఎక్కువ నీళ్లు పెడితే చెట్టు చివుళ్ల మీదకి మళ్లుతుంది. ఆ తర్వాత పది రోజులకోసారి నిండుగా పెట్టండి. పాదు మొదట్లో కాదు, కొమ్మల చివర నీడ ఎక్కడ పడుతుందో అక్కడ చుట్టూ తవ్వాలి, నీళ్లు తాగే సన్నవేళ్లు అక్కడే ఎక్కువ. రాలిన ఎండాకులు ఊడ్చి తగలబెట్టకుండా ఆ పాదులోనే అరడుగు మందాన పరవండి, కాండానికి ఒక జానెడు దూరం వదిలి. మన ఎర్రమట్టి ఎండకి ఇటుకలా గట్టిపడుతుంది, ఆకు కప్పు ఉంటే పడదు. కొమ్మలు కత్తిరించే పని ఇప్పుడు పెట్టుకోకండి, ఎండినవి మాత్రం తీసేయండి. గాలీ వెలుతురూ దూరేలా లోపలి కొమ్మలు తీయించాల్సింది కాయ కోశాక, జూన్, జులైలో. అది చేయిస్తే వచ్చే ఏడు తేనె మంచు పురుగు తగ్గుతుంది. ఎరువు కూడా అప్పుడే.

కాయ నిమ్మకాయంత అయినప్పుడు పండు ఈగ ఎరలు రెండు వేలాడదీయండి. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు దొరుకుతాయి. అవి మగ ఈగల్నే పట్టేస్తాయి, కాబట్టి రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టడం కూడా ఉండాలి. చెత్తబుట్టలో వేస్తే పురుగులు అక్కడే పెరిగి మళ్లీ మీ చెట్టుకే వస్తాయి.

కరివేపాకు ఉంటే ఇప్పుడు నడుం ఎత్తుకి కోసేయండి, ఉగాదికి లేత ఆకు వస్తుంది. దాని మీద, నిమ్మ మీద పక్షి రెట్టలా కనబడేది సీతాకోకచిలుక గొంగళి, చేత్తో తీసేస్తే చాలు. కొబ్బరి పక్కన కంపోస్టు గుంత ఉంటే తిరగేసి చూడండి. మా వీధిలో కొబ్బరిచెట్లు ఎక్కే ఆయన గెల దించే ముందు గుంత దగ్గరకే పోతాడు, ‘ముందిది సూడాల, పురుగు పుట్టీదిక్కడే’ అంటాడు. నిజమే, కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు పిల్లలు, తెల్లగా ఇంగ్లిషు సి అక్షరంలా వంకర తిరిగినవి, ఆ పెంటలోనే పెరుగుతాయి. ఏరి కోళ్లకి వేయండి.

కారు మీద ఇప్పటికే ఉన్న జిగురుకి గోరువెచ్చటి సబ్బునీళ్ల గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి తుడవండి, పొడిగుడ్డతో రుద్దితే రంగు మీద గీతలు పడతాయి. ఈ వేసవి నాలుగు నెలలూ దాన్ని గేటు పక్కకి జరిపి పెట్టమని మీవారికి చెప్పండి. పళ్లాల్లో ఏం కనబడిందో, ఊడ్చిన చోట మళ్లీ పొట్టు పడిందో లేదో వచ్చే వారం తప్పకుండా రాయండి.